ముసలమ్మ కట్ట మీద నుంచి కేప్ హార్న్ దాకా

మా ఊరి దగ్గర ఒక సముద్రం ఉంది. నవ్వకండి. అనంతపురం టౌను దాటి నాలుగైదు కిలోమీటర్లు పోతే వస్తుంది. పేరు బుక్కరాయసముద్రం. 1364 ప్రాంతంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయారు కట్టించాడని చెప్తారు. నా చిన్నతనంలో ఆ సముద్రంలో చాలా ఏళ్లు మేం క్రికెట్ ఆడుకున్నాం. నీళ్లుంటే చెరువు, లేకుంటే గ్రౌండు. సగటు వాన 550 మిల్లీమీటర్లు దాటని జిల్లా, అసలు సముద్రం ఏ వైపు పోయినా రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. అలాంటి చోట చెరువుకి సముద్రం అనీ, సాగరం అనీ పేర్లు పెట్టుకున్నారు మనవాళ్లు. లేనివాడే ఎక్కువ కలలు కంటాడు కదా :)

ఈ సోదంతా ఎందుకంటే, గత కొన్నేళ్లుగా నాకు తెరచాప పడవల పిచ్చి పట్టుకుంది. ఎక్కే పిచ్చి కాదు, చదివే పిచ్చి. ఆఫీసులో బిల్డ్ నడుస్తున్నంతసేపూ పక్క విండోలో ఏదో ఒక పడవ నక్షా తెరిచి ఉంటుంది. మా టీములో కాకినాడ అబ్బాయి ఒకడున్నాడు. ఒకరోజు అది చూసి, "అనంతపురం వాళ్లకి పడవలెందుకండీ బాబూ, ముందు మంచినీళ్ల సంగతి చూసుకోండి" అన్నాడు. నాకు కాలింది. కానీ కాసేపు ఆలోచిస్తే వాడి ప్రశ్నలో కొంచెం న్యాయం ఉందనిపించింది. సముద్రాల మీద ప్రపంచం చుట్టి వచ్చే పడవ మంచిదో కాదో తేల్చడానికి కరువు సీమలో పుట్టినవాడి దగ్గర ఏముంది?

ఏమీ లేదనే అనుకున్నాను, పోరుమామిళ్ల శాసనం గురించి చదివేదాకా.

పోరుమామిళ్ల కడప జిల్లాలో ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడొక చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. ఆ చెరువు పేరు అనంతరాజసాగరం. చూశారా, మళ్లీ సాగరమే! రెండేళ్లు పట్టిందట, రోజుకి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు. రాజులు శాసనాలు వేయించడం మామూలే. దీని ప్రత్యేకత ఏమిటంటే, మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ ఇందులో వరసగా రాశారు. అంటే పక్కా డిజైన్ చెక్‌లిస్టు. కట్టలోంచి నీళ్లు ఊరడం ఒక దోషం. చవుడు నేల ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఒక దోషం (రెండు టీముల మధ్య ఎవరిదో తేలని కోడు గుర్తొచ్చిందా?). చెరువు మధ్యలో మెరక ఉండటం ఇంకోటి. చివరి రెండూ నాకు భలే నచ్చాయి. నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం ఒకటి, నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం ఇంకొకటి. అంటే మోయాల్సిన బరువుకీ మోసేదానికీ పొత్తు కుదరకపోవడం.

ఇందులో నాకు కనపడింది ఒక్కటే. చెరువు కట్టినవాడు దాని అందం గురించి కాకుండా, అది ఎట్లా చెడిపోతుందో ముందే కూర్చుని లెక్క వేసుకున్నాడు. పడవని కూడా అట్లాగే చూస్తే?

ముందు మా కాకినాడ అబ్బాయికి దక్కాల్సిన గౌరవం దక్కనిద్దాం. తెలుగు తీరానికి సముద్రపు ఓడలు కొత్త కాదు. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. దాన్ని యజ్ఞశ్రీ శాతకర్ణి కాలానిదంటారు, అంటే క్రీస్తు శకం రెండో శతాబ్దం. ఆ ఓడల ఖర్మ ఎట్లా ఉండేదో చెప్పేది మాత్రం చీరాల దగ్గరి మోటుపల్లి. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ సముద్రవర్తకులకి అభయ శాసనం ఇచ్చాడు. అంతకు ముందు తుఫానుకి కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా రాజులు లాక్కునేవారట. ఇక మీదట అట్లా చేయం, సుంకం మాత్రం తీసుకుంటాం అని మాట ఇచ్చాడు. అంటే ఓడలు తుఫానులో విరిగి ఒడ్డుకి రావడం ఎంత మామూలైతే దానికొక రాజ్యవిధానం కావాల్సి వచ్చిందో ఊహించుకోండి. ఇక కాకినాడ పక్కనే ఉన్న కోరంగి. ఓడల తయారీకి, రంగూన్ ప్రయాణాలకి పేరు పడ్డ రేవు. 1839 తుఫానులో ఉప్పెన వచ్చి ఊరూ ఓడలూ కలిపి తుడిచిపెట్టుకుపోయాయి. సముద్రం పక్కన ఉన్నంత మాత్రాన సముద్రం దయ చూపించదు.

సరే, అసలు కథకి వస్తాను. సముద్రం మీద పడవకి పరీక్ష పెడితే ఎట్లా ఉంటుందో చూడాలంటే 1968కి పోవాలి.

ఆ ఏడాది బ్రిటన్లో సండే టైమ్స్ పత్రిక గోల్డెన్ గ్లోబ్ అని ఒక పందెం పెట్టింది. ఒక్కడే, ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయం తీసుకోకుండా తెరచాప పడవలో ప్రపంచం చుట్టి రావాలి. అప్పటిదాకా ఎవరూ చేయని పని. తొమ్మిది మంది బయలుదేరారు. తిరిగొచ్చి పందెం పూర్తి చేసింది ఒక్కడే, రాబిన్ నాక్స్ జాన్‌స్టన్. ఆయన పడవ సుహైలి మన బొంబాయిలో తయారైంది! ఆయన అప్పట్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో ఆఫీసరు. బొంబాయి రేవులో మన వడ్రంగులు టేకుతో, బాడిసెలతో, చేతి బర్మాలతో చెక్కిన 32 అడుగుల పడవ అది. ఇంకో తమాషా ఏమంటే, ఆయన అడిగిన నక్షా అది కాదట. ఉత్తరం రాసి తెప్పించుకుంటే వేరేది, 1920ల నాటి పాత డిజైన్ వచ్చింది. మార్చడానికి డబ్బుల్లేక దాంతోనే సర్దుకున్నాడు.

ఆ పాత డిజైన్‌కి ఒక వంశవృక్షం ఉంది. అమెరికావాడు విలియం ఆట్కిన్ గీసింది, దాని మూలం నార్వేలో కోలిన్ ఆర్చర్ గీసిన పడవలు. 1890ల్లో ఆర్చర్ కట్టినవి ఏ పనికంటే, తుఫానులో చిక్కుకున్న జాలర్లని కాపాడి తేవడానికి. అందరూ ఒడ్డుకి వచ్చేటప్పుడు ఇవి సముద్రంలోకి పోవాలి. అంటే అన్నిటికంటే చెడ్డ రోజు కోసమే పుట్టిన పడవలు. ముందూ వెనకా రెండూ కూసుగా, బరువుగా, నెమ్మదిగా ఉంటాయి. సుహైలి 312 రోజులు తిరిగింది. సగటు వేగం లెక్క వేస్తే నాలుగు నాట్లు, అంటే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. సైకిలు తొక్కే పిల్లాడు దాటిపోతాడు.

పైగా ఏమీ సాఫీగా జరగలేదు. దక్షిణ సముద్రంలోకి అడుగుపెట్టగానే ఒక అల పడవని పక్కకి పడేసింది, క్యాబిన్ కదిలిపోయింది. ట్యాంకుల్లో మంచినీళ్లు పాడయ్యాయి. రేడియో మూగబోయింది. దానంతటదే చుక్కాని పట్టే పరికరం విరిగింది. పలకల అతుకుల్లోంచి నీళ్లు వస్తుంటే ఆయన నీళ్లలోకి దూకి, పడవ అడుగున ఈదుతూ అతుకు మూశాడు. తాగడానికి తెరచాప మీద పడ్డ వాన నీళ్లు బకెట్లో పట్టుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు మా జేజి గుర్తొచ్చింది. వాన మొదలైతే చాలు, ఇంట్లో ఉన్న బిందెలూ తపేలాలూ అన్నీ చూరు కింద పెట్టేది. కరువు సీమలో ఏం నేర్చుకున్నా సముద్రంలో పనికొస్తుందన్నమాట!

1969 ఏప్రిల్ 22న సుహైలి ఫాల్మత్ రేవు చేరింది. దారిలో దాదాపు అన్నీ చెడిపోయాయి. కానీ చెడిపోయిన ప్రతిదాన్నీ ఒక్క మనిషి, చేతిలో ఉన్న పనిముట్లతో బాగు చేసుకోగలిగాడు. లేదా అది లేకుండా బతకగలిగాడు.

అదే పందెంలో ఇంకో పడవ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. ముఖ్యంగా మనలాంటి వాళ్లకి.

డొనాల్డ్ క్రౌహర్స్ట్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. చిన్న కంపెనీ, అంతంత మాత్రం వ్యాపారం. మూడు పొట్టలున్న ట్రైమరాన్ రకం పడవని ఎంచుకున్నాడు. మంచి గాలి ఉంటే సుహైలి కంటే చాలా వేగం. దీనికున్న ఇబ్బంది ఒక్కటే, తిరగబడితే మళ్లీ లేవదు. దానికీ ఆయన దగ్గర ఉపాయం ఉంది. తెరచాప కొయ్య చివర గాలితిత్తి, పడవ ఒరిగితే ఒక కంప్యూటర్ కనిపెట్టి దాన్ని ఉబ్బిస్తుంది. కాగితం మీద అద్భుతం. 1968లో బోటు మీద కంప్యూటర్! నేనైనా ఆ డిజైన్ రివ్యూలో చప్పట్లు కొట్టేవాణ్ణేమో.

పందెం నిబంధన ప్రకారం అక్టోబర్ 31 లోపల బయలుదేరాలి. డబ్బు పెట్టినవాడితో ఒప్పందం ఎట్లా ఉందంటే, ఇది తేడా వస్తే పడవని తనే తిరిగి కొనుక్కోవాలి, అంటే ఇల్లూ కంపెనీ పోయినట్టే. పడవ పూర్తి కాలేదు. మూతల్లోంచి నీళ్లు కారుతున్నాయి. విడి సామాన్లు కొన్ని ఒడ్డునే ఉండిపోయాయి. అయినా సరిగ్గా అక్టోబర్ 31న, ఆఖరి రోజు, బయలుదేరాడు. పడవ నిండా రంగురంగుల తీగలు పరిచి ఉన్నాయి. అవన్నీ పోయి కలవాల్సిన చోట కంప్యూటర్ లేదు. అది ఇంకా తయారే కాలేదు.

తర్వాత కథ చాలామందికి తెలుసు. ఈ పడవతో దక్షిణ సముద్రానికి పోతే చావు ఖాయమని కొన్ని వారాల్లోనే అర్థమైంది. వెనక్కి వస్తే అప్పులు. మధ్యే మార్గంగా అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, ప్రపంచం చుట్టేస్తున్నట్టు దొంగ లెక్కలు పంపించాడు. వెనకాల క్రౌహర్స్ట్ తరుముకొస్తున్నాడని నమ్మిన నైజెల్ టెట్లీ తన పడవని మరీ తోలాడు. అదీ ట్రైమరానే. చివరి అంకంలో విచ్చిపోయి మునిగింది, ఆయన్ని రక్షించారు. 1969 జులై 10న క్రౌహర్స్ట్ పడవ అట్లాంటిక్‌లో ఖాళీగా దొరికింది. మనిషి లేడు. నాక్స్ జాన్‌స్టన్ తనకొచ్చిన ఐదు వేల పౌన్ల బహుమతిని క్రౌహర్స్ట్ కుటుంబానికి ఇచ్చేశాడు.

ఇది చదివి నేను ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. ఎందుకంటే ఆ తీగలు నేను చూశాను. పేరు అవసరం లేదు, కొన్నేళ్ల కింద నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో గో లైవ్ తేదీ క్లయింటుకి ముందే చెప్పేశారు. తేడా వస్తే పాత వెర్షన్‌కి తిరిగిపోయే ఏర్పాటు డాక్యుమెంటులో బ్రహ్మాండంగా ఉంది. దాన్ని ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. నడిపి చూశారా అని మీటింగులో అడగాల్సినవాణ్ణి నేనే, అడగలేదు. శనివారం రాత్రి అన్నీ ఆగిపోయాయి, వెనక్కి పోయే దారి పనిచేయలేదు. రెండు రాత్రులు ఒక జూనియర్ అమ్మాయి ఒక్కతే కూర్చుని డేటా చేత్తో సరిచేసింది. తర్వాత నెలకి ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. మాది ఉద్యోగం కాబట్టి అంతటితో పోయింది. క్రౌహర్స్ట్‌ది సముద్రం.

ఇప్పుడు కొంచెం సైన్సు. భయపడకండి, లెక్కలు లేవు.

మా వైపు తుంగభద్రలో పుట్టి అని ఉంటుంది. వెదురు బుట్టలాగా గుండ్రంగా, బల్లపరుపుగా ఉంటుంది. విజయనగరం రోజుల్లో వీటికి తోలు తొడిగేవారు, గుర్రాలని కూడా నది దాటించేవారు. పుట్టిలో కూర్చుంటే చాలా స్థిరంగా అనిపిస్తుంది, అంత తేలిగ్గా ఒరగదు. కానీ ఒక్కసారి బోర్లా పడిందా, బోర్లా కూడా అంతే స్థిరంగా తేలుతుంది. ఇక తంజావూరు బొమ్మ తీసుకోండి. వేలితో తాకితే చాలు ఊగుతుంది. చూడ్డానికి నిలకడ లేనట్టే ఉంటుంది. కానీ ఎంత పడదోసినా లేచి నిలబడుతుంది, అడుగున బరువుంది కాబట్టి.

నది దాటడానికి పుట్టి చాలు. మహాసముద్రానికి తంజావూరు బొమ్మ కావాలి. పడవ కింద రెక్కలాగా దిగే కీల్‌లో సీసమో ఇనుమో పోసి ఆ బొమ్మ గుణం తెస్తారు. ఎంత ఒరిగేదాకా తిరిగి లేస్తుంది అన్నది డిగ్రీల్లో చెప్తారు. కొనేవాడు రేవులో పడవెక్కి అటూఇటూ నడిచి, ఊగడం లేదు కాబట్టి మంచిదే అనుకుంటాడు. వాడు చూసింది పుట్టి గుణం, అవసరమయ్యేది బొమ్మ గుణం.

ఈ పాఠం 1979 ఆగస్టులో చాలా ఖరీదుగా వచ్చింది. ఇంగ్లండ్ ఐర్లండ్ మధ్య జరిగే ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు పాల్గొన్నాయి. నడిమధ్యలో తుఫాను. పందెంలో ఉన్నవాళ్లు పదిహేను మంది చనిపోయారు. 24 పడవల్ని జనం వదిలేసి పోయారు. అందులో మునిగినవి ఐదే! మిగతా పంతొమ్మిదీ తర్వాత తేలుతూ దొరికాయి. ఆ రోజుల్లో పందేల రూల్స్‌కి తగ్గట్టు వెడల్పుగా, తేలిగ్గా పడవలు గీయడం ఫ్యాషను. వాటిలో కొన్ని బోర్లా పడి కాసేపు అట్లాగే ఉండిపోయాయి. అన్నిటికంటే చిన్న తరగతిలో పందెం పూర్తి చేసింది ఒక్కటే, కాంటెస్సా 32 అనే సన్నటి, బరువైన, పాతకాలపు రూపం పడవ.

ఆ తర్వాత ఇంగ్లండులో ట్యాంకుల్లో నమూనా పడవలు పెట్టి పరీక్షలు చేశారు. పడవ పొడవులో మూడో వంతుకి దగ్గరగా ఎత్తున్న అల, అదీ తల విరిగి పడే అల, అడ్డంగా తగిలితే పడవ బోర్లా పడే ప్రమాదం ఉందని తేలింది. 32 అడుగుల పడవకి పదడుగుల అల చాలు. 56 అడుగుల దానికి పదిహేడు దాకా కావాలి. అందుకే సైజు కూడా ఒక కవచమే.

ఈ 56 అడుగుల లెక్క ఊరికే వేయలేదు. మన నేవీ ఎంచుకున్నది అదే.

వైస్ అడ్మిరల్ మనోహర్ అవటి గారికి చాలాకాలంగా ఒక కోరిక. ఒక భారతీయుడు తెరచాప పడవలో ఒంటరిగా ప్రపంచం చుట్టి రావాలి, అదీ ఇక్కడ కట్టిన పడవలో. కమాండర్ దిలీప్ దోందే ముందుకొచ్చాడు. వాన్ డి స్టాట్ అనే డచ్చి సంస్థ గీసిన టోంగా 56 అనే నక్షా తీసుకున్నారు. గోవాలో దివార్ దీవిలో రత్నాకర్ దండేకర్ గారి యార్డులో సెడార్ చెక్క బద్దలు పేర్చి, ఎపాక్సీ, ఫైబర్‌గ్లాస్ పూతలతో కట్టారు. దాదాపు 23 టన్నుల బరువు. పేరు మాదేయి, అంటే మాండవి నది. 2009లో నీళ్లలోకి దిగింది.

పడవని నమ్మిన పద్ధతి చూడండి. నేరుగా దక్షిణ సముద్రానికి పోలేదు. ముందు మారిషస్ దాకా పోయి వచ్చి చూశారు. తర్వాత 2009 ఆగస్టు నుంచి 2010 మే దాకా దోందే నాలుగు చోట్ల ఆగుతూ ప్రపంచం చుట్టాడు. ఆగిన ప్రతి చోటా అరిగినవి మార్చుకున్నాడు. ఆ అనుభవమంతా పోగేసుకున్నాక అదే పడవలో అభిలాష్ టోమీ 2012 నవంబర్లో బయలుదేరి, ఎక్కడా ఆగకుండా 151 రోజుల్లో 2013 మార్చి ఆఖరుకి ముంబయి చేరాడు. ఆ తర్వాతే అదే నక్షాతో రెండో పడవ కట్టారు. అదే తారిణి. 2017 ఫిబ్రవరిలో నేవీలో చేరింది. కొత్త డిజైన్ కోసం ఎవరూ ఎగబడలేదు. పాతదాన్నే, ఎక్కడెక్కడ నొప్పి పుట్టిందో తెలిసినదాన్నే ఎంచుకున్నారు.

2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఆరుగురు ఆడవాళ్లు తారిణిలో బయలుదేరారు. కెప్టెన్ వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు మన తెలుగు అమ్మాయిలు. విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాదు నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. ఐశ్వర్య గారిది సముద్రం లేని ఊరే. హుస్సేన్ సాగర్‌ని సాగరం అంటే తప్ప! మా బుక్కరాయసముద్రానికి చెల్లెలన్నమాట. బయలుదేరే ముందు వీళ్లంతా మాదేయి మీద పని నేర్చుకున్నారు, 2016లో దాంట్లోనే మారిషస్ పోయి వచ్చారు.

ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండులో లిటిల్టన్, అక్కడ నుంచి పసిఫిక్ దాటి 2018 జనవరిలో కేప్ హార్న్, ఫాక్‌లాండ్స్‌లో పోర్ట్ స్టాన్లీ, తర్వాత కేప్ టౌన్. పసిఫిక్‌లో అరవై నాట్లు దాటిన గాలి, ఏడు మీటర్ల అలలు. పైన చెప్పిన పదిహేడు అడుగుల లెక్క ప్రకారం ఇది ప్రమాదం గీత దాటినట్టే. పడవ నిలబడింది. మొత్తం 21,600 నాటికల్ మైళ్లు, 254 రోజులు. 2018 మే 21న గోవా చేరారు.

అయితే లిస్టులో లేని ఒక ఊరిలో కూడా ఆగారు. కేప్ టౌన్ దాటాక చుక్కాని తిప్పే యంత్రాంగం దెబ్బతింది. ఏప్రిల్లో మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌కి మళ్లించి, బాగు చేసుకుని బయలుదేరారు. పేపర్లో ఇది చిన్న వార్త. నాకు మాత్రం మొత్తం యాత్రలో ఇదే పెద్ద వార్త. అంత అనుభవమున్న నక్షా, అంత జాగ్రత్తగా కట్టిన పడవ, అయినా చుక్కాని దగ్గర చెడింది. చెడినా పడవ ఆరుగురినీ రేవుకి చేర్చింది. దారి మళ్లిస్తే పరువు పోతుందని ఎవరూ అనుకోలేదు. క్రౌహర్స్ట్‌కి లేనిది ఇదే, ఆగడానికి అనుమతి. తారిణి ఆ తర్వాత కూడా పని ఆపలేదు. 2024 అక్టోబర్ నుంచి 2025 మే దాకా దిల్నా, రూప అనే ఇద్దరు ఆఫీసర్లే దాన్ని మళ్లీ ప్రపంచం చుట్టించి తెచ్చారు.

ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న రావాలి. మా కాకినాడ అబ్బాయే అడిగాడు. "అయితే పాత బరువు పడవైతే చాలంటారా? మరి 2018లో ఏమైందండీ?"

న్యాయమైన ప్రశ్న. గోల్డెన్ గ్లోబ్‌కి యాభై ఏళ్లయిందని 2018లో మళ్లీ ఆ పందెం పెట్టారు. అభిలాష్ టోమీ గోవాలోనే సుహైలికి అచ్చు నకలుగా కట్టిన తురియా అనే పడవలో బయలుదేరాడు. సెప్టెంబర్ 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను పడవని తిప్పి కొట్టింది. తెరచాప కొయ్యలు విరిగిపోయాయి, ఆయన వెన్నెముకకి దెబ్బ తగిలి లేవలేకపోయాడు. సుహైలిని గెలిపించిన రూపమే తురియాని కాపాడలేదు. ఏ నక్షా హామీ పత్రం కాదు. 32 అడుగుల పడవకి పదడుగుల లెక్క చెప్పాను కదా, ఆ రోజు అలలు దానికి ఎన్నో రెట్లు.

కానీ ఇంకోటి కూడా చూడాలి. కొయ్యలు పోయాక, నడిపేవాడు కదల్లేని స్థితిలో ఉన్నాక, ఆ ఒట్టి పొట్ట మూడు రోజులు మునగకుండా ఆయన్ని మోసింది. సెప్టెంబర్ 24న ఫ్రెంచి నౌక ఓసిరిస్ వచ్చి ఆయన్ని తీసుకుపోయింది. గెలవలేకపోయిన పడవ మనిషిని మాత్రం వదల్లేదు. ఆయన వెన్నుకి ఆపరేషను చేయించుకుని, తర్వాతి గోల్డెన్ గ్లోబ్‌లో కొంచెం పెద్దదైన 36 అడుగుల పడవలో 2023 ఏప్రిల్లో రెండో స్థానంలో వచ్చాడు.

ఇదంతా చదివాక పోరుమామిళ్ల పద్ధతిలో నేనూ పడవకి ఆరు దోషాలు రాసుకున్నాను. శాసనం వేయించే స్తోమత లేదు కాబట్టి ఇక్కడే రాస్తున్నా. నీళ్లు ఊరడం. తిరగబడితే లేవకపోవడం. చుక్కానికి ప్రత్యామ్నాయం లేకపోవడం. ఒక్క తాడు తెగితే కొయ్య మొత్తం కూలడం. పోయే దూరానికీ మోసే నీళ్లకీ పొత్తు లేకపోవడం. చివరిది, చెడినదాన్ని లోపలున్న మనిషి తన చేతులతో బాగు చేసుకోలేకపోవడం. వేగం ఈ లిస్టులో లేదు. వేగం అక్కర్లేదని కాదు, ఈ ఆరూ చూసుకున్నాక ఎంత మిగిలితే అంత.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా నాయనకి ఈ పడవల కథ అంతా చెప్పాను. చెరువు కట్ట మీద కూర్చున్నాం. ఆయన ఓపిగ్గా విని, "ఆ పడవకి మరవ యాడుందిరా?" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. మా వైపు చెరువు నిండినప్పుడు ఎక్కువ నీళ్లు పొర్లిపోయే దారిని మరవ అంటారు. "చెరువు సూసేటోడు నీళ్లు సూస్తాడు. కట్టేటోడు మరవ సూడాల. వానొచ్చిన రోజు అదే కాపాడేది" అన్నాడు. ఇంతసేపు నేను చెప్పింది ఆయన ఒక్క మాటలో పెట్టేశాడు. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయిన రోజు గుర్తుందా? వచ్చిన వరద, పోవడానికి ఉన్న దారిని మించిపోయింది. కింద ఊళ్లు పోయాయి.

తర్వాత ఆయనే అన్నాడు, మా తాత కొర్ర, జొన్న, కంది, అనప కలిపి ఇత్తేవాడని. ఒకటి పోతే ఒకటి నిలిచేదని. ఆ తర్వాత జిల్లా అంతా చెనక్కాయే అయిపోయింది, మేమూ అదే. వానొచ్చిన ఏడు డబ్బులు కళ్లజూశాం. రాని ఏడు మాకు మరవ లేదు. "మేము గాలి బాగుండే దినానికే పడవ కట్టుకుంటిమి నాయనా" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

మేం కూర్చున్న కట్టని ముసలమ్మ కట్ట అంటారు. మా జేజి చెప్పిన కథ. వానలకి కట్ట తెగబోతుంటే, ఊరి బసిరెడ్డి కోడలు ముసలమ్మని బలి ఇస్తే నిలుస్తుందని దేవత పలికిందట. పేరు ముసలమ్మే కానీ వయసులో ఉన్న పిల్ల. తనే నడిచి పోయి గండిలో నిలబడిందట. కట్టమంచి రామలింగారెడ్డి గారు దీన్నే 'ముసలమ్మ మరణం' అని కావ్యంగా రాశారు. చిన్నప్పుడు ఈ కథ వింటే ఆమె గొప్పతనానికి ఒళ్లు పులకరించేది. ఇప్పుడూ ఆమె మీద గౌరవం ఏమీ తగ్గలేదు. కానీ ఇంజినీరు అయ్యాక వేరే ప్రశ్న కూడా వస్తోంది. ఆ మరవ ఎందుకు చాలలేదు? ఎవరు లెక్క తప్పారు? కట్టినవాడు వదిలేసిన లోటుని ఆ పిల్ల ఎందుకు పూడ్చాలి?

రెండు రాత్రులు డేటా సరిచేసిన మా జూనియర్ అమ్మాయికి అప్పట్లో మేం పెద్ద మెయిల్లో అభినందనలు పంపాం. చప్పట్లు కొట్టాం. మరవ గురించి ఎవరూ మాట్లాడలేదు, నాతో సహా.

ఈసారి మీ ముందుకి ఏదైనా డిజైన్ వస్తే, పడవ కావచ్చు, చెరువు కావచ్చు, సర్వరు కావచ్చు, ఎంత వేగం అని అడిగే ముందు మా నాయన ప్రశ్న అడిగి చూడండి. నేను అడగడం మొదలుపెట్టాను. మీటింగులో కొంచెం విసుక్కుంటున్నారు, కానీ అడుగుతున్నాను.